లెక్కకు రాని నెల

తిరుత్తణి,
20-9-1977

మా సత్యకు,

అక్క దీవించి రాస్తున్నాను. నీ జాబు నిన్న మధ్యాహ్నం వచ్చింది. అంగడి ముందు కర్పూరం కొనేవాళ్లు నిలబడి ఉన్నా పట్టించుకోకుండా రెండుసార్లు చదివాను. మీ బావ నా భుజం మీదుగా తొంగి చూసి, "ఏమంటాది మీ జబల్‌పూర్ రాణి?" అన్నాడు. "చపాతీ వాసన తగిల్తేనే కడుపులో తిప్పతా ఉందంట" అని చెప్పాను. "అట్లయితే పుట్టేది మన పక్క బిడ్డే, సందేగం లే" అని నవ్వాడు. ఆయన దేన్నైనా నవ్వి అవతల పారేస్తాడు. నాకు ఆ గుణం రాలేదు.

నువ్వు కడుపుతో ఉన్నావని తెలిసిన రోజు నుంచి వేళ్లు మడుస్తూనే ఉన్నాను. ఉగాదికి తలంటు పోసుకున్నాక మళ్లీ లేదన్నావు. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. అంటే ఇప్పుడు ఆరో నెల. కార్తీకానికి ఎనిమిది, మార్గశిరానికి తొమ్మిది. నెలల సంగతి నాకు వదిలెయ్, నువ్వు ఒంటిని చూసుకో. తొమ్మిదో నెల పడ్డాక కడుపుతో ఉన్న మనిషిని పొలిమేర దాటించకూడదు, ఇది మన ఇంట్లో గట్టి మాట. కాబట్టి కార్తీకం ముగిసేలోపు నువ్వు తిరుత్తణిలో, నా ఇంట్లో ఉండాలి.

తొలి కానుపు పుట్టింట్లో జరగాలి. అమ్మ లేదు, నాన్న పోయాడు, ఇక నీ పుట్టిల్లు నేనే. నాకు పిల్లలు లేరని నీకు పురుడు పొయ్యడం చేతకాదనుకోకు. మన వీధిలో తాయమ్మ ఉంది. ఈ కొండ కింద సగం మందిని భూమి మీదికి తెచ్చిన చెయ్యి అది. ఆసుపత్రి కూడా పిలిస్తే పలికేంత దగ్గర.

నటరాజ్‌కు నిన్ను ఎందుకు ఇచ్చానో తెలుసా? వాళ్లది తిరువళ్లూరు, ఉద్యోగం ఆవడి ఫ్యాక్టరీలో, కాపురం పట్టాభిరామ్‌లో. పొద్దున రైలెక్కితే నిన్ను చూసి సాయంత్రానికి వచ్చేయవచ్చు. నేను పట్టాభిరామ్ దాటి ఏనాడూ రైల్లో పోని మనిషిని, రైలు కదిలితే నా గుండె జారిపోతుంది, అందుకే అంత దగ్గర సంబంధం చూశాను. ఏడాది తిరక్కుండా అతన్ని జబల్‌పూర్‌కు మార్చారు. ఆ ఊరి పేరు పలకడానికే నాకు వారం పట్టింది.

గాజులు, చీర ఈ జాబుతోపాటే పార్సిలు చేశాను. ముందే పంపాల్సింది. అప్పుడు అధిక శ్రావణం నడుస్తోంది. శూన్యమాసంలో శుభం తలపెట్టకూడదు, ఆ నెల ఏ లెక్కకూ రాదు కదా అని ఆగాను. చేతులు వాచకముందే తొడుక్కో.

నీ అక్క,
వల్లియమ్మ


జబల్‌పూర్,
4-10-1977

అక్కా,

గాజులు అందాయి. ఆకుపచ్చవి రెండు దారిలో పగిలాయి. పగిలినవి చూడగానే ఏడుపు వచ్చింది. ఆయన, "పార్సిల్లో గాజులు పగలకుండా ఉంటాయా ఏంది పిచ్చిదానా?" అన్నాడు. నాకు ఈ మధ్య దేనికైనా ఏడుపే వస్తోంది. నా తెలుగు రాత చూసి నవ్వొద్దు, బళ్లో చదివింది అరవమే కదా.

ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ఎన్నో నెల అని అడిగింది. ఆరు అని ఆయన హిందీలో చెప్పాడు. ఆమె మొహం చిట్లించి, ఆరుకు ఇది పెద్దది అంది. తేదీ అడిగింది. నాకు తేదీలు ఎక్కడ గుర్తుంటాయి? మా వదిన లెక్క తప్పు కాదు అని ఆయనే గట్టిగా చెప్పాడు. ఆమె ఏదో రాసుకుంది. నాకు భయం వేసింది అక్కా. కవలలా? లేక ఏదైనా కాని పెరుగుదలా? ఆ మాట ఆమెను అడగాలంటే భాష లేదు, ఆయన్ను అడగాలంటే సిగ్గు.

నువ్వు దూరం దూరం అంటావు. అది ఎన్ని మైళ్లో నాకు తెలియదు, వచ్చేటప్పుడు నీళ్లు అడిగి తెలుసుకున్నాను. సూళ్లూరుపేట దాటాక తణ్ణి అంటే ఎవరూ పలకలేదు. వరంగల్ దాటాక నీళ్లు అన్నా పలకలేదు. ఆ తర్వాత ఒక పగలంతా చేత్తో సైగ చేసి తాగాను. ఇటార్సిలో దిగి, ప్లాట్‌ఫారం మీద ఒక పూట కూర్చుని, ఇంకో బండి ఎక్కాం. ఇప్పుడు ఆ దారంతా ఈ పొట్టతో తిరిగి రావాలి. రాకుండా ఇక్కడే ఉండాలన్నా భయమే. నొప్పి వస్తే ఎక్కడ నొప్పో చెప్పడానికి నాకు ఇక్కడ ఒక్క మాట రాదు. ఈ రెండు భయాల మధ్య ఏది పెద్దదో రోజూ తూకం వేసుకుంటున్నాను.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. దీపావళి ఇక్కడే ఆయనతో చేసుకుంటాను. ఆయనకు సెలవు లేదు, నేను వచ్చేస్తే మళ్లీ ఎన్ని నెలలకు చూస్తానో. కార్తీకం దాకా టైముందని నువ్వే అన్నావు కదా.

ఇంకొకటి. నన్ను కన్నాక అమ్మ జ్వరంతో పోయిందని చెప్పేదానివి. ఏ జ్వరం? ఎన్నాళ్లకు పోయింది? ఇంతకాలం అడగాలని తోచలేదు. ఇప్పుడు రోజూ తోస్తోంది.

సత్య


తిరుత్తణి,
15-10-1977

సత్యా,

డాక్టరమ్మ మాటకు బెదరకు. అక్కడి ఆడవాళ్లను చూసిన కళ్లతో ఆమె నిన్ను చూస్తోంది. మన ఇంట్లో పొట్టలు పెద్దవే. నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పుడు చూసిన ప్రతివాళ్లూ కవలలన్నారు. తీరా వచ్చింది నువ్వొక్కదానివి, అదీ గుప్పెడంత. తాయమ్మతో చెబితే, "నీళ్లు ఎక్కువై ఉంటాదిలే, జీలకర్ర కషాయం తాగమను" అంది. తాగు.

దీపావళి అక్కడే చేసుకో. మొగుడి దగ్గర నాలుగు రోజులు ఎక్కువ ఉంటానంటే కాదనడానికి నేనేం గయ్యాళి అత్తనా? నాకూ అదే కలిసొస్తుంది. దీపావళి అయిన ఆరో రోజుకు కొండమీద మురుగన్‌కు షష్ఠి తిరణాల, అంగట్లో ఊపిరి తీసుకోవడానికి కూడా తీరదు. షష్ఠి ముగియగానే మీ బావ బయల్దేరి వచ్చి నిన్ను తీసుకొస్తాడు. అప్పటికి ఎనిమిది నడుస్తుంటుంది, తొమ్మిది పడటానికి ఇంకా చాలా టైముంటుంది.

కింది సీటే కావాలని అడగండి. దిండు తెచ్చుకో. రైల్లో కాళ్లు వేలాడేసి కూర్చోకు. ఇటార్సిలో ప్లాట్‌ఫారం అంచున నడవకు. బావ అరటిపళ్లు కొంటానని దిగితే దిగనివ్వకు, ఆయనకు రైలు కూత వినబడదు.

అమ్మ సంగతి ఎందుకు తవ్వుతావు? జ్వరం వచ్చింది, పోయింది. కడుపుతో ఉన్నవాళ్లు పోయినవాళ్లను తలుచుకోకూడదు. ఈ మాట ఇంకెప్పుడూ రాయొద్దు.

అక్క


జబల్‌పూర్,
13-11-1977

అక్కా,

దీపావళి బాగా జరిగింది. ఆయన కాకరపువ్వొత్తులు తెచ్చాడు. వాకిట్లో కూర్చుని కాల్చాను, నిలబడితే కాళ్లు లాగుతున్నాయి. కాళ్లు కొంచెం వాచాయి, అంతే. చెప్పులు పట్టడం లేదు కాబట్టి ఆయన చెప్పులు వేసుకుని నడుస్తున్నాను. చూస్తే నువ్వు పగలబడి నవ్వుతావు.

బిడ్డ కిందికి దిగినట్టుంది. ఊపిరి సులువుగా ఆడుతోంది. ఇది మంచిదే కదా? ఎనిమిదో నెలలో అలా ఉంటుందా? తాయమ్మను అడుగు.

డాక్టరమ్మ దగ్గరికి పోయిన వారం వెళ్లాను. ఆయనకు డ్యూటీ, నేనొక్కదాన్నే వెళ్లాను. ఏదో చెప్పింది, ఒక చీటీ కూడా రాసిచ్చింది. మందుల చీటీ అయ్యుంటుంది. అంతా బాగుందనే అనుకుంటాను.

మూట కట్టుకున్నాను. బావ ఎప్పుడు వస్తాడో రాయి. తొందరగా రమ్మను అక్కా. నాకు నీ దగ్గరికి రావాలని ఉంది. ఎలాగైనా నీ దగ్గరికి రావాలి.

సత్య


తిరుత్తణి,
24-11-1977

సత్యా,

ఈ జాబు బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. ఇరవై ఒకటో తేదీకి జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో టిక్కెట్టు తీసి పెట్టుకున్నాం. పందొమ్మిదిన గాలివాన వచ్చింది. ఇక్కడ రెండు రేకులు లేచాయి, అంతే. పేపర్లో చూస్తే దివిసీమలో ఊళ్లకు ఊళ్లే లేవట. ఎన్ని వేలమంది పోయారో ఇంకా లెక్క తేలలేదట. పట్టాలు దెబ్బతిని ఆ దారిలో రైళ్లు ఆపేశారు. అంగటికి వచ్చిన వాళ్లంతా ఆ పోయినవాళ్ల కోసం అయ్యో అంటున్నారు. నేనూ అన్నాను. లోపల మాత్రం నా చెల్లెలి రైలే కనబడింది. ఇంత పాపిష్టి ప్రాణం నాది.

నేరు దారి బాగయ్యేదాకా ఆగుదామని బావ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మార్గశిరం వచ్చేస్తుంది, తొమ్మిది పడితే కదిలించకూడదు. అందుకని ఆయన అరక్కోణంలో బొంబాయి మెయిలు ఎక్కి, కల్యాణ్‌లో బండి మారి, చుట్టు తిరిగి మీ దగ్గరికి వస్తున్నాడు. వచ్చేటప్పటికి ఇటు పట్టాలు సరి చేస్తామని స్టేషన్లో చెప్పారట. ఇరవై తొమ్మిది సాయంత్రం అక్కడ ఎక్కండి. నడుమ ఎక్కడా ఆగొద్దు.

బావను సాగనంపి వచ్చాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అప్పుడు ఏం చెయ్యాలో ఇప్పటినుంచే తోచడం లేదు. మా ఇద్దరికీ ఉన్నది నువ్వొక్కదానివి. జాగ్రత్త అనే మాట ఎన్నిసార్లు రాసినా తనివి తీరడం లేదు.

అక్క


తిరువళ్లూరు,
29-11-1977, పగలు

సత్యా,

ఇది నీ చేతికి అందితే నువ్వు రైలెక్కలేదని అర్థం. ఎక్కకు. ఎవరు చెప్పినా ఎక్కకు. కదలకుండా పడుకో, డాక్టరమ్మను ఇంటికి పిలిపించు.

పొద్దున పాసింజరులో మీ అత్తగారింటికి వచ్చాను. మీరు ఎల్లుండి దిగుతారని చెంచమ్మత్తకు చెప్పి, దిష్టి తీయడానికి, హారతికి ఏర్పాటు చేద్దామని వచ్చాను. ఆమె కాఫీ ఇచ్చి, "ఇప్పుడు కోడలికి ఎన్నో నెల?" అని అడిగింది. ఎనిమిది అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి, అరవ నెలలు ఎంచడం మొదలుపెట్టింది.

"ఎనిమిదేందమ్మా? ఉగాది పంగుని నెల్లో వచ్చె గదా. పంగుని, చిత్తిరై, వైగాసి, ఆని, ఆడి, ఆవణి, పురట్టాసి, ఐపసి, కార్తిగై. తొమ్మిది గదా! నువ్వు ఒకటి యాడ పోగొట్టినావు?"

"నేను యాడా పోగొట్టలేదత్తా, మీరే ఒకటి ఎక్కువ ఎంచినారు" అన్నాను. మళ్లీ చైత్రం నుంచి మొదలుపెట్టాను. ఆమె ఒక వేలు, నేను ఒక వేలు మడుస్తూ వచ్చాం. ఆషాఢం దాకా ఇద్దరికీ సరిపోయింది. వాళ్ల ఆడి నెల వచ్చేసరికి నా వేలు మడవలేదు. నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

అధిక శ్రావణం, సత్యా. శ్రావణాలు రెండు వచ్చాయి ఈ ఏడు. ఆ మొదటి శ్రావణంలో నేను రోజూ ఒక్క పూటే తిన్నాను, శుభం తలపెట్టలేదు, నీకు గాజులు కూడా పంపలేదు. శూన్యమాసం కదా అని దాన్ని అలాగే దాటేసి, నిజ శ్రావణానికి అయిదో వేలు మడిచాను.

"అది మాకు లెక్కకు రాని నెలత్తా" అన్నాను.

"మీకు రాకపోతే బిడ్డకు రాకుండా పోతాదా? కడుపులో ఉండేది పంచాంగం చూసి పెరగతాదా ఏంది? నెలంతా కాళ్లు ముడుచుకోని ఊరికే కూచుంటాదా?" అని అరిచింది. ఆ తర్వాత నా మొహం చూసి, నా చెయ్యి పట్టుకుని పోస్టాఫీసుకు పరుగెత్తించింది.

తంతి ఇచ్చాం. కదలొద్దు అని. గాలివాన తర్వాత తీగలన్నీ తెగి ఉన్నాయి, ఎప్పుడు చేరుతుందో చెప్పలేమన్నారు. మీరు ఎక్కేది ఈ సాయంత్రమే. ఇక్కడ ఎండ నడినెత్తికి వచ్చింది. అత్త వాకిట్లో కూర్చుని దేవుళ్లందరినీ పేరు పేరునా పిలుస్తోంది. నాకు ఆ బలం కూడా లేదు. తంతిలో నాలుగు మాటలే పడతాయి, అందుకని ఈ జాబు రాస్తున్నాను.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు చెబుతాను. అమ్మ జ్వరంతో పోలేదు. అప్పుడు మనం శోళవరంలో ఉన్నాం. నాకు పద్నాలుగేళ్లు. తొమ్మిదో నెల పడి కొన్ని రోజులైంది. నొప్పులు ఎక్కువయ్యాయి, మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసింది. నాన్న బండి కట్టి పొన్నేరి ఆసుపత్రికి తోలాడు. అమ్మ తల నా ఒడిలో ఉంది. చెరువు కట్ట దిగేలోపే నువ్వు పుట్టేశావు. నిన్ను నా పావడాలో చుట్టుకున్నాను. అమ్మకు నెత్తురు ఆగలేదు. బండి ఊగినప్పుడల్లా ఎక్కువైంది. "నాయనా, మెల్లగా తోలు" అంటే అమ్మ చచ్చిపోతుందని భయం, "తొందరగా తోలు" అంటే ఇంకా నెత్తురు పోతుందని భయం. నేను ఏదీ అనలేదు. పొన్నేరి ఇళ్లు కనబడేటప్పటికి అమ్మ చెయ్యి చల్లబడింది.

తొమ్మిదో నెలలో పొలిమేర దాటించకూడదనేది మన ఇంట్లో ముత్తాతల నాటి మాట కాదు. నేను పెట్టుకున్నదే. అమ్మను తీసుకుపోయింది నడిచిపోయేంత దూరం. నేను నిన్ను దేశంలో సగం దాటి రమ్మన్నాను, ఆ తొమ్మిదో నెలలోనే.

నువ్వు ఈ జాబు చదువుతూ ఉండాలి. జబల్‌పూర్‌లో, నీ ఇంట్లో, మంచం మీద పడుకుని చదువుతూ ఉండాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

వల్లి


నాగ్‌పూర్ ఆసుపత్రి,
6-12-1977

అక్కా,

నేను బతికే ఉన్నాను. మొదట ఆ మాట రాయమని ఆయన చెప్పాడు.

బావ ఇచ్చిన తంతి నీకు అందే ఉంటుంది. ఆడబిడ్డ. ఆయనకు పంపిన తంతిలో బావ చిరునామా తప్పు రాశాడు. అది, నీ జాబు ఒకేరోజు ఆయన చేతికి వచ్చాయట. రెండూ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నీ తంతి మాత్రం మేము రైలెక్కిన మర్నాడు పొద్దున ఇంటికి వచ్చిందట.

ఇటార్సిలో జి.టి. ఎక్కేటప్పుడే నడుములో పోటు మొదలైంది. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నందువల్ల అనుకుని బావకు చెప్పలేదు. బండి కొండల్లో పోతోంది, ఊగుతోంది. మధ్యాహ్నం ఉమ్మనీరు పోయింది. అప్పుడు బావ చెయ్యి పట్టుకున్నాను. ఆయన, "ఇంకా ఎనిమిదే గదమ్మా, ఇప్పుడెట్లా అయితాది?" అంటూనే ఉన్నాడు, నేను ఏదో పొరపాటు చేస్తున్నట్టు.

ఎదుటి సీట్లో ఒక ముసలామె ఉంది. ఆమె బావను అవతలికి నెట్టింది. ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డం పట్టారు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు, అయినా ఆమె చెప్పిందల్లా చేశాను. బావ తలుపు దగ్గర నిలబడి "మురుగా, మురుగా" అని రైలు మోతను మించి అరుస్తున్నాడు. ఆయన గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు.

బిడ్డ పుట్టింది, ఏడవలేదు. రైలు పోతూనే ఉంది, బిడ్డ ఏడవలేదు. "ఏడ్చినాదా? ఏడ్చినాదా?" అని నేను తెలుగులో అడుగుతున్నాను. ముసలామె దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది, నోట్లో వేలు పెట్టి తీసింది, మళ్లీ తట్టింది. చాలాసేపటికి పిల్లికూన లాగా ఒక్క కూత కూసింది. ఆమె దాన్ని తన రవికలో, రొమ్ము మీద వేసుకుని నాగ్‌పూర్ దాకా అలాగే కూర్చుంది. స్టేషన్లో నన్ను దించే గొడవలో ఆమె పేరు కూడా అడగలేదు.

ఇక్కడ బిడ్డను దూదిలో చుట్టి లైటు కింద పెట్టారు. డాక్టరు నెల అడిగితే ఎనిమిది వేళ్లు చూపించాను. ఆమె బిడ్డ గోళ్లు చూసి తల అడ్డంగా ఊపింది. నిజంగా ఎనిమిదే అయి ఉంటే, రైల్లో ఆ చలిలో ఊపిరి నిలిచేది కాదంది. తొమ్మిది పడింది కాబట్టే ఆశ ఉందంది. ఆమె మాటలన్నీ ఆయన వచ్చాక అడిగి నాకు చెప్పాడు. నువ్వు లెక్కలోంచి తోసేసిన నెలే దాన్ని ఇంతవరకు పట్టుకుని ఉంది అక్కా.

నేను కూడా నీ దగ్గర ఒకటి దాచాను. దీపావళి ముందు డాక్టరమ్మ ఇచ్చింది మందుల చీటీ కాదు. ప్రయాణం వద్దని రాసిచ్చింది. చేతులు ఊపి, రైలు బొమ్మ గీసి, దాని మీద గీత కొట్టి మరీ చెప్పింది. నాకు బాగా అర్థమైంది. ఆ చీటీ చింపేశాను. ఆయనకూ చెప్పలేదు. అక్కడే కంటే చచ్చిపోతానని భయం. చచ్చిపోయేటట్టయితే నీ ఇంట్లో, నీ చెయ్యి పట్టుకుని పోవాలని అనుకున్నాను. లెక్క తప్పింది నీకు, తెలిసి కూడా రైలెక్కింది నేను.

కానీ నీ మీద కోపంగా ఉంది. అమ్మ బండిలో పోయిందని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ మెట్టు ఎక్కేదాన్ని కాదు. జ్వరమని చెప్పావు. ఇరవై ఏళ్లు జ్వరమని చెప్పావు. నీ జాబు చదివి గోడవైపు తిరిగి పడుకున్నాను. తర్వాత నీ పావడా గుర్తొచ్చింది. నన్ను చుట్టుకుని ఆ బండిలో మిగిలిన దారంతా నువ్వు ఎలా కూర్చున్నావో అనుకున్నాను. అప్పుడు కోపం సగమే మిగిలింది. ఆ సగం మాత్రం ఇంకా ఉంది, అబద్ధం చెప్పను.

నిన్నటి నుంచి బిడ్డ పచ్చబడింది. పాలు పీల్చడం లేదు, దూదితో చుక్క చుక్క వేస్తున్నారు. ఇంకో రెండు వారాలు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారు. దాన్ని కదిలించకూడదు, నన్నూ కదలనివ్వరు. ఆయన సెలవు అయిపోయింది, రేపు వెళ్లాలి. బావ వరండాలో పడుకుంటున్నాడు. రాత్రిళ్లు మగవాళ్లను లోపలికి రానివ్వరు. నేను రెప్ప మూస్తే బిడ్డను చూసేవాళ్లు లేరు. నిద్ర ఆపుకోవడానికి గాజుల అంచుతో చెయ్యి గీరుకుంటున్నాను.

"మీ అక్కను పిలవొద్దు సత్యా, ఆమె రైలెక్కితే దిగేటప్పటికి ప్రాణం ఉండదు" అని బావ అంటున్నాడు. నాకూ తెలుసు. అయినా పిలుస్తున్నాను. నేను రాలేను. నువ్వు రా.

సత్య


తిరుత్తణి,
10-12-1977

సత్యా,

నీ జాబు పొద్దున్నే వచ్చింది. అంగడి మూసేశాను. ఇంకో గంటలో మద్రాసు పాసింజరు వస్తుంది, దాంట్లో పోతున్నాను. మద్రాసులో జి.టి. ఎక్కుతాను. పట్టాలు బాగైనాయట. బాగుకాకపోయినా వస్తాను.

తిరువళ్లూరులో చెంచమ్మత్త ఎక్కుతుంది. కబురు పంపితే, "నాకు మాత్రం హిందీ వచ్చునా? ఇద్దరం మూగోళ్ల మాదిరి పోదాంలే, రా" అందట. వాము, కరక్కాయ, పాత మెత్తటి పంచెలు మూట కట్టాను. తాయమ్మ ఉగ్గుగిన్నె ఇచ్చింది. పసుపుపచ్చగా అయిన బిడ్డను పొద్దుటి ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టమని చెప్పింది. అక్కడి డాక్టరును అడిగి పెట్టు. అడగకుండా ఏదీ చెయ్యకు, నా మాటైనా సరే.

నీ సగం కోపం అలాగే ఉంచుకో. నేను వచ్చి కూర్చుంటాను, ఎదురుగా తిట్టు.

నువ్వు ఈ జాబు రాసి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. ఇంకో రెండు రోజులు రైల్లో ఉంటాను, అప్పుడూ తెలియదు. స్టేషన్లో బావ మొహం చూసేదాకా తెలియదు. ఆ మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటే కాలు గడప దాటడం లేదు. ఈ జాబు నీకు అందేలోపే నేను వచ్చేస్తాను. ఐనా రాస్తున్నాను.

రైలు కదిలేటప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. నువ్వు మాత్రం నేను వచ్చేదాకా బిడ్డ మీద నుంచి కళ్లు తీయొద్దు.

అక్క